చిన్న అణువిద్యుత్ యంత్రము: దాని ఆశ, దాని ఖర్చు



గ్రంథాలయములో పత్రికలు చదువు బల్ల యొద్ద జరుగు వాదములకు అంతు లేదు. వానలు, ఎన్నికలు, పసుపు ధర, ఇవి నిత్య విషయములు. ఇటీవల ఆ బల్ల మీదికి ఒక క్రొత్త విషయము వచ్చినది. చిన్న అణు రియాక్టర్లు రానున్నవనియు, వాని భాగములను కార్ఖానాలో తయారు చేసి, తెచ్చి బిగింపవచ్చుననియు ఒక యువకుడు చదివి వినిపించెను. ప్రక్కన కూర్చున్న వృద్ధ రైతు, "గంత చిన్నదైతే మన పోచంపాడు కట్ట కాడ ఒకటి పెట్టరాదా బిడ్డా? రాత్రిపూట మోటరు కాడికి పోవుడు తప్పుతది గదా" అనెను. "పెట్టుడు సరే తాతా, దాని ఖర్చెవలు పెట్టుకోవాలె?" అని యువకుడనెను. చుట్టు నున్నవారు నవ్విరి గాని, జవాబు ఎవరును చెప్పలేదు. ఆ రెండు ప్రశ్నలును నవ్వి విడువదగినవి కావు. ఈ ప్రసంగము వానిని గూర్చినదే.

మొదట "చిన్న" అను మాటను కొలిచి చూడవలెను. 300 మెగావాట్ల లోపు విద్యుత్తు నిచ్చు రియాక్టరును లోకమున చిన్న రియాక్టరనుచున్నారు. పోచంపాడు ఆనకట్ట క్రింది జలవిద్యుత్ కేంద్రము 36 మెగావాట్లది. నిజాంసాగరుది 10 మెగావాట్లు. భారతదేశములో ఇప్పుడు "చిన్నది" అని పేరు పెట్టిన రియాక్టరు 220 మెగావాట్లది. అనగా ఆరు పోచంపాళ్ల పెట్టు. 2600 మెగావాట్ల రామగుండము ప్రక్కన నిలిపిన చిన్నదే. ముప్కాల్ ప్రక్కన నిలిపిన చిన్నది కాదు.

భాగవతము అష్టమ స్కంధములోని వామన చరిత్ర విననివారు ఈ సభలో ఉండరు. బలిచక్రవర్తి ఎదుటి వటువు ఎత్తును చూచెను. శుక్రాచార్యుడు అడుగు ఎంత దూరము పోవునో చూచెను. బలి దానశీలము గొప్పదే. కాని దాన పత్రములో హద్దులు వ్రాయువానికి శుక్రుని కన్ను కావలెను. మూడడుగులు అనిన మాటలో అడుగు కొలత వ్రాయబడలేదు. చిన్న రియాక్టరు విషయములోను అడుగు కొలతయే అసలు సంగతి.

ఆ యంత్రము పని చేయు రీతి మిక్కిలి కఠినమైనది కాదు. యురేనియం పరమాణువులు చీలినపుడు వేడి పుట్టును. ఆ వేడితో నీరు ఆవిరియగును. ఆవిరి టర్బైనును త్రిప్పును. బొగ్గు కేంద్రములో పొయ్యి ఉన్నచోట ఇచట రియాక్టరున్నది; తక్కిన దంతయు ఇంచుమించు అదియే.

ఇంధనము సంగతి మాత్రము ఆశ్చర్యకరము. మన 220 మెగావాట్ల రియాక్టర్లలో వాడు ఇంధనపు కట్ట ఒకటి అర మీటరు పొడవు, సుమారు 15 కిలోల బరువు. పందొమ్మిది కడ్డీలను చేర్చి కట్టిన ఈ కట్టలను 1971లో స్థాపింపబడిన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో చేయుచున్నారు. ఒక వ్యక్తి రెండు చేతులతో ఎత్తదగిన ఆ కట్ట రియాక్టరులో తన కాలము తీరులోపల సుమారు ఆరు లక్షల యూనిట్ల విద్యుత్తు నిచ్చును. అంత విద్యుత్తుకు బొగ్గు కేంద్రములో నాలుగు వందల టన్నుల బొగ్గు కాల్చవలెను. ఐదు అశ్వశక్తి మోటారు దినమునకు 8 గంటలు నడచినచో 30 యూనిట్లు త్రాగును. ఈ లెక్కన ఒక్క కట్ట ఒక మోటారును ఏబది ఏండ్లకు పైగా నడపగలదు. ఇట్టి కట్టలు ఒక రియాక్టరులో 3672 ఉండును.

ఈ రియాక్టరుకు కావలసిన రెండవ వస్తువు భారజలము. నీటిలోని ఉదజనిలో సుమారు ఏడు వేల పాళ్లకు ఒక పాలు మాత్రమే బరువైన జాతి. దానిని ఏరి కూర్చుటకు మణుగూరు దగ్గర గోదావరి ఒడ్డున కార్ఖానా 1991 నుండి నడచుచున్నది. పోచంపాడు దాటిన గోదావరియే అచటికి పోవును. కావున అణువిద్యుత్తు ఎక్కడనో పరదేశపు వింత యని తెలంగాణము వారు అనుకొనరాదు. కట్ట ఇచటిది, భారజలము ఇచటిది. రియాక్టరు మాత్రమే ఇంతవరకు ఇచట లేదు.

ఇక చిన్న రియాక్టరు చూపు ఆశ ఏమి? దానిని తెలిసికొనుటకు బోధన్ చక్కెర కార్ఖానా కంటె మంచి ఉదాహరణము దొరకదు. నిజాం కాలమున, 1930ల చివర, శక్కర్‌నగరులో వెలసిన ఆ కార్ఖానా ఆసియాలో పెద్దవానిలో ఒకటిగా పేరు పొందినది. చక్కెర కార్ఖానా పని తీరు చూచినవారికి తెలియును: చెరకు ఆడిన పిప్పిని బాయిలరులో వేసి కాల్చుదురు, వచ్చిన ఆవిరి ముందు టర్బైనును త్రిప్పి కరెంటు నిచ్చును, తరువాత అదే ఆవిరి రసమును కాచును. బయటి కరెంటుకు చేయి చాపకుండ, తన ఇంటి పొయ్యితో తన పని తాను చేసికొను పద్ధతి ఇది. ఇనుము, సిమెంటు, అల్యూమినియము, ఎరువుల కార్ఖానాలకు పిప్పి లేదు. అవి బొగ్గు బాయిలర్లు పెట్టుకొన్నవి. ఆ బొగ్గు బాయిలరు తీసి అదే స్థలమున చిన్న రియాక్టరు నిలుపవలెననునదే ఇప్పటి యోచన. 2024 డిసెంబరు చివర అణువిద్యుత్ సంస్థ 220 మెగావాట్ల భారత్ స్మాల్ రియాక్టర్లను తమ కార్ఖానాల కొరకు పెట్టుకొనదలచిన పరిశ్రమల నుండి ప్రతిపాదనలు కోరినది. డబ్బు పరిశ్రమది, నడుపుట సంస్థది.

రెండవ ఆశ భద్రతకు సంబంధించినది. బెల్లపు పొయ్యిలో మంట లాగివేసిన తరువాతను పెనము చాలసేపు కాగుచునే ఉండును. రియాక్టరు కూడ అట్టిదే. చీలిక ఆపినను వేడి వెంటనే పోదు. కొన్ని గంటల పిదపను మొదటి వేడిలో నూటికొక వంతు చుట్టుపట్ల మిగులును. 2011లో జపానులోని ఫుకుషిమాలో జరిగిన దిదియే. భూకంపము రాగానే రియాక్టర్లు ఆగినవి; సునామీ వచ్చి పంపులకు కరెంటు పోయినది; చల్లార్చు నీరు లేక ఇంధనము కరిగినది. యంత్రము చిన్నదైనకొలది మిగులు వేడియు చిన్నది. పంపు అవసరము లేకుండ, నీరు తనంతట తాను తిరిగి చల్లార్చునట్లు కట్టుట సులభము. ఇది మాటల గారడీ కాదు, నిజమైన మేలు. అయితే 220 మెగావాట్ల యంత్రములో ఆ నూటికొక వంతు కూడ ఏడు మెగావాట్లకు పైబడిన వేడి యని మరువరాదు.

ఇంతవరకు జమ వైపు. ఇక ఖర్చు వైపు త్రిప్పవలెను.

కామారెడ్డి ప్రాంతమున బెల్లము వండినవారికి ఒక సంగతి అనుభవమున తెలియును. రెండు చిన్న పెనములకు పట్టు ఇనుము, కట్టె, మనుష్యులు ఒక పెద్ద పెనమునకు పట్టరు. యంత్ర నిర్మాతలు దీనికొక లెక్క చెప్పుదురు: సామర్థ్యము రెట్టింపయినచో ఖర్చు ఇంచుమించు ఒకటిన్నర రెట్లే యగును. అందుచేతనే లోకమంతట విద్యుత్ కేంద్రములు పెరిగి పెరిగి పెద్దవైనవి. రామగుండములో 1971 నుండి నడచిన 62.5 మెగావాట్ల బొగ్గు కేంద్రము 2024లో మూతబడినది. దాని చోట మరల 62.5 మెగావాట్లది కట్టుదమని ఎవరు ననలేదు; 800 మెగావాట్ల మాట వచ్చినది. చిన్న రియాక్టరును కోరువారు ఈ ఏటికి ఎదురీదుచున్నారు. వారి సమాధానము: "ఒకే నమూనాను పదులు, నూర్లుగా కార్ఖానాలో చేసినచో ఒక్కొక్కదాని వెల తగ్గును." నిజమే కావచ్చును. కాని వెల తగ్గుటకు నూరు యంత్రములు అమ్ముడు పోవలెను; నూరు అమ్ముడు పోవుటకు వెల తగ్గవలెను. మొదటి పది యంత్రముల అధిక వెల ఎవరి పద్దున వ్రాయవలెను? యువకుని ప్రశ్న ఇదియే.

ఈ విషయమున లోకానుభవము కొంత కలదు. అమెరికాలో 1960లలో ఎల్క్ రివర్ అను ఊర గ్రామీణ విద్యుత్ సహకార సంఘమునకై 22 మెగావాట్ల రియాక్టరు కట్టిరి. 1964లో నడచినది. 1968లో గొట్టములలో పగుళ్లు కనబడినవి. మరమ్మతు ఖర్చు గిట్టదని ఆపిరి. 1974 నాటికి విప్పివేసిరి. నాలుగేండ్ల పంటకు అంతటి గానుగ! రష్యా వారు రెండు 35 మెగావాట్ల రియాక్టర్లను ఓడ వంటి తెప్పపై నిలిపి ఉత్తర ధ్రువ ప్రాంతపు పెవెక్ పట్టణమునకు తెచ్చిరి. 2007లో మొదలు పెట్టినది 2020లో గాని పూర్తిగా వాడుకలోనికి రాలేదు. అయినను ఆ మంచు సీమలో అది కరెంటును, ఇండ్లకు వెచ్చదనమును ఇచ్చుచున్నది. అటువంటి చోట దాని ఖర్చును వేరొక తక్కెడలో తూచవలెను. చైనా వారి వాయుశీతల రియాక్టరు, సుమారు 200 మెగావాట్లది, 2012లో ఆరంభమై 2023లో వాణిజ్య స్థాయికి వచ్చినది. నడచుచున్నవి లేకపోలేదు, చెప్పిన గడువున నడచినవి అరుదు.

అన్నిటికంటె ఈ గ్రంథాలయ చందాదారులకు బోధపడు ఉదాహరణము యూటా రాష్ట్రముది. అచటి చిన్న చిన్న పట్టణముల విద్యుత్ సంస్థలు సంఘముగా చేరి నూస్కేల్ అను కంపెనీ రియాక్టర్లు ఆరింటిని, మొత్తము 462 మెగావాట్లవి, పెట్టించుకొనదలచినవి. మొదట వెయ్యి యూనిట్లకు 58 డాలర్లని చెప్పిరి. 2023 మొదట 89 డాలర్లనిరి. మొత్తపు వ్యయము 930 కోట్ల డాలర్లకు పెరిగినది. పట్టణముల వారు లెక్క చూచికొనిరి; కొందరు తప్పుకొనిరి. రానున్న శక్తిలో ఇంచుమించు నాల్గవ వంతుకే చందాదారులు నిలిచిరి. 2023 నవంబరులో ఆ పని రద్దయినది. యంత్రము చెడి కాదు, చందా చాలక. గ్రంథాలయ కార్యదర్శులకు ఈ బాధ క్రొత్త కాదు.

భారతదేశములోని సంగతి చూతము. 2025 ఫిబ్రవరి బడ్జెటులో చిన్న రియాక్టర్ల పరిశోధనకు 20,000 కోట్ల రూపాయలు కేటాయించి, స్వదేశపు నమూనాలు కనీసము ఐదు 2033 నాటికి నడువవలెనని ప్రకటించిరి. భాభా అణు పరిశోధన కేంద్రము మూడు నమూనాలు రూపొందించుచున్నది: 200 మెగావాట్లది ఒకటి, 55 మెగావాట్లది ఒకటి, ఉదజని వాయువు తయారీకై 5 మెగావాట్ల వేడి నిచ్చు వాయుశీతల యంత్ర మొకటి. మొదటి రెండింటికి తారాపురము, మూడవదానికి విశాఖపట్నము తగిన చోట్లని యోచించిరి. మంజూరు లభించిన పిదప నిర్మాణమునకు 60 నుండి 72 నెలలు పట్టునని ప్రభుత్వమే చెప్పినది. 2033 చివరి నుండి 72 నెలలు వెనుకకు లెక్కించినచో 2027 చివరకు ఐదింటికిని మంజూరు చేతికి రావలెను. ఒక నెల జారినచో గడువు ఒక నెల జారును. ఇది గిట్టనివారి మాట కాదు, కూడిక తీసివేత.

వృద్ధ రైతు అడిగిన పోచంపాడు సంగతికి వత్తము. నీరు చాలునా? 220 మెగావాట్ల కేంద్రము తన వేడిని విడుచుటకు గంటకు సుమారు 600 ఘనమీటర్ల నీటిని ఆవిరి చేయును. ఏడాదికి ఇంచుమించు 0.18 టి.యం.సి. ఇది పెద్ద పాలు కాదు. కాని పోచంపాడు చరిత్ర ఇచట ఒక మాట చెప్పుచున్నది. 1963 జూలై 26న నెహ్రూ పునాది వేసిన ఆ జలాశయమునకు మొదటి లెక్క 112 టి.యం.సి. పూడిక పేరుకొనగా తరువాతి కొలతలలో అది 90కి, పిమ్మట 80 చిల్లరకు దిగినది. రియాక్టరుకు వేసవిలో కూడ నీరు తప్పక కావలెను. కాలువ చివరి మడికి వలె "ఈసారికి ఓపిక పట్టు" మని దానికి చెప్పుటకు వీలు లేదు. నీరు తక్కువైన ఏట మొదటి వంతు ఎవరిది కాగలదో రైతులు ఊహింపగలరు.

భూమి లెక్కయు చూడవలసినదే. అణు కేంద్రము చుట్టు ఒక కిలోమీటరు వ్యాసార్ధమున ఎవరును నివసింపరాదను నియమము కలదు. చిన్న రియాక్టర్లకు దానిని అర కిలోమీటరుకు తగ్గింపవలెనను యోచన వెలువడినది. వ్యాసార్ధము సగమైన విస్తీర్ణము నాల్గవ వంతగును: సుమారు 776 ఎకరములకు బదులు 194 ఎకరములు. భూమి పోవువారికి ఇది నిజమైన లాభమే. అయితే హద్దు రాయి దగ్గరకు జరిగినకొలది, రాయి కవతల కాపురముండువాడు యంత్రమునకు దగ్గర యగును. ఒకే అంకె ఒకనికి జమ, మరొకనికి ఖర్చు.

ఇంకొక కాగితము ఉన్నది.  2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి చట్టమను పేర అణుశక్తికి క్రొత్త చట్టము చేసినది. 1962 నాటి చట్టమును, 2010 నాటి నష్టపరిహార చట్టమును త్రోసివేసి ప్రయివేటు సంస్థలకు తలుపు తెరచినది. ప్రమాదము జరిగినపుడు నిర్వాహకుడు ఇయ్యవలసిన పరిహారపు పరిమితిని రియాక్టరు పరిమాణమును బట్టి మెట్లుగా ఏర్పరచిరి: అతి పెద్దదానికి 3000 కోట్లు, అతి చిన్నదానికి 100 కోట్లు. ఆ పైన పడు భారము ప్రభుత్వముది, అనగా ప్రజల పన్నులది. సరుకు లోపము వలన కీడు కలిగినచో సరఫరాదారు నుండి రాబట్టుకొను హక్కు 2010 చట్టములో ఉండెను. ఒప్పందములో వ్రాసికొన్నను, కావలెనని కీడు చేసినను తప్ప క్రొత్త చట్టములో అది లేదు. యంత్రము చిన్నదైనందున కీడును చిన్నదే యనునది ఈ మెట్ల భావము. ఆ భావము శాస్త్రరీత్యా నిరాధారము కాదు. కాని నష్టపోవు గ్రామమునకు పొలము, బావి, పశువు ఒక్కటే విలువ. అవి పెద్ద రియాక్టరు ప్రక్కన ఎక్కువ వెల, చిన్నదాని ప్రక్కన తక్కువ వెల పలుకవు.

గనుల మాట కూడ విడువరాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియము త్రవ్వుచున్నారు. వ్యర్థపు చెరువు చుట్టుపట్ల రైతులు తమ బోరునీరు చెడినదని మొరపెట్టిరి. నల్లమలలో యురేనియపు వెదకులాటను 2019లో జనులు ఎదిరింపగా, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానిని వలదని తీర్మానించినది. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల ఆరు పెద్ద రియాక్టర్లు పెట్టుదుమని ఏండ్లుగా చెప్పుచున్నారు. 2025 నాటికి అచట రియాక్టరు కట్టుట మొదలు కాలేదు. కాని భూమి ఇచ్చినవారి జీవితములు అప్పుడే మారినవి. ఇల్లు కట్టుకొనవలెనా వలదా యని ఎదురుచూచుచు గడచిన సంవత్సరములు ఏ వ్యయ పట్టికలోను చేరవు.

ఇక తాత ప్రశ్నకు సూటి జవాబు. పోచంపాడు వద్ద రియాక్టరు పెట్టినను ఆ కరెంటు ముప్కాల్ మోటార్లకే రాదు. రామగుండము కరెంటు రామగుండములో నిలిచినదా? తీగ ఎక్కిన కరెంటుకు ఊరు లేదు. పైగా పొలము మోటారు పగటిపూట నడువగలదు, పగలు సూర్యుడున్నాడు, ఇటీవలి పెద్ద సౌర కేంద్రముల వేలములలో యూనిటు రెండున్నర రూపాయల చుట్టు పలికినది. యూటా పట్టణముల వారు వలదనిన ధర యూనిటుకు ఏడు రూపాయలు దాటును. పగలు నీరు పారించుకొనగలవానికి రాత్రియు నడుచు ఏడు రూపాయల యంత్రమేల? అది కావలసినది రాత్రి ఆపుటకు వీలులేని కొలిమికి, సిమెంటు బట్టీకి, ఎరువుల కార్ఖానాకు. వారికి బొగ్గు తప్పినచో లోకమునకును మేలే. కావున మొదటి యంత్రముల వెలను మొదట వారే మోయుట న్యాయము. రైతు పేరు చెప్పి దానిని జనుల పద్దున వ్రాయుట న్యాయము కాదు.

బోధన్ కార్ఖానా 2015 డిసెంబరులో ఆగినపుడు ఒక్క పొగగొట్టము చల్లబడుటతో ఎన్నో గ్రామముల చెరకు తోటలు మాయమైనవి. ఒకే పెద్దదానిపై సీమ అంతయు వ్రేలాడుట ఎంత ప్రమాదమో ఈ జిల్లాకు వేరొకరు చెప్పనక్కరలేదు. చిన్న యంత్రములు పలు చోట్ల ఉండుట మంచిదను వాదమునకు ఇక్కడ చెవులు తెరచియే యున్నవి. అందుకే ఆ వాదమును తెచ్చువారు కొలతగొలుసుతో పాటు కొన్ని కాగితములును తేవలెను: తారాపురములో మొదటి యంత్రము ఎన్ని నెలలలో పూర్తియైనది, మొదటి అంచనా ఎంత, కడపటి ఖర్చు ఎంత, వాడిన కట్టలను ఎచట ఉంచినారు, యంత్రము విప్పునాటికి ఎంత సొమ్ము ప్రక్కన పెట్టినారు. ఆ కాగితములు వెలువడిన దినమున ఈ గ్రంథాలయపు బల్ల మీద పరచి, తాతయు మనుమడును కలిసి కూర్చుండి చదువవచ్చును.